ఐబిస్ మోడల్ సెలెక్టర్: చాన్నాళ్లు వాడాక

ఐబిస్ అంటే చిప్ పిన్‌ల విద్యుత్ ప్రవర్తనను పట్టికలుగా ఇచ్చే ఫైల్ పద్ధతి, బోర్డు సిగ్నల్స్‌ని పరీక్షించే సిమ్యులేటర్లు దాన్ని చదువుతాయి. ఒక ఔట్‌పుట్ పిన్‌కి చిప్ సెట్టింగుల రిజిస్టర్‌లో నాలుగు డ్రైవ్ స్ట్రెంత్‌లు (పిన్ ఎంత కరెంట్ ఇవ్వగలదో), రెండు స్లూ రేట్లు (సిగ్నల్ ఎంత వేగంగా మారుతుందో) ఉంటే, ఐబిస్ ఫైల్‌లో దానికి ఎనిమిది విడి మోడల్స్ ఉంటాయి. వాటిని ఒక పేరు కిందికి తెచ్చేదే మోడల్ సెలెక్టర్. 1999 నాటి 3.2 వెర్షన్‌లోనే ఇది ఉంది, ఇప్పటికీ పద్ధతి అదే. పిన్ పట్టికలో మోడల్ పేరుకు బదులు సెలెక్టర్ పేరు రాస్తారు. దాని కింద ఒక్కో వరసలో ఒక మోడల్ పేరు, పక్కన చిన్న వివరణ ఉంటాయి. చాలా సిమ్యులేటర్లు దీన్ని చదువుతాయి. 8 మిల్లీయాంపుల నుంచి 12కి మారిస్తే ఓవర్‌షూట్ (సిగ్నల్ చేరాల్సిన స్థాయి దాటి ఎగరడం) ఎంత పెరుగుతుందో అక్కడికక్కడే చూసుకోవచ్చు.

ఇబ్బంది పెట్టేది డిఫాల్ట్. ఎవరూ ఎంచుకోకపోతే మొదటి వరస అమల్లోకి వస్తుంది, చాలా టూల్స్ ఆ మాట చెప్పవు. ఆ వరసలో ఏముంటుందో ఫైల్ రాసినవాళ్ల ఇష్టం. జైలింక్స్ 7 సిరీస్ ఎఫ్‌పీజీఏ చిప్‌లలో 3.3 వోల్టుల ఎల్‌వీసీమాస్ ఔట్‌పుట్ రకానికి డిఫాల్ట్ 12 మిల్లీయాంపులు, స్లో. సెలెక్టర్ మొదటి వరస కూడా అదే అవుతుందన్న హామీ లేదు. జైలింక్స్ డిజైన్ సాఫ్ట్‌వేర్ వివాడోలో రైట్ ఐబిస్ కమాండ్‌తో ఫైల్ తీస్తే డిజైన్‌లో పెట్టిన సెట్టింగే పిన్‌కి అంటుకుని వస్తుంది కాబట్టి అదే మేలు. మైక్రోకంట్రోలర్ అయితే ఫర్మ్‌వేర్ వాళ్లను రిజిస్టర్ విలువ అడగక తప్పదు.

వివరణను సిమ్యులేటర్ పట్టించుకోదు, మీరూ పూర్తిగా నమ్మొద్దు. పట్టికలోంచే లెక్క కట్టండి. డీడీఆర్3 మెమరీలో 34 ఓమ్స్ డ్రైవ్ అంటే 240 ఓమ్స్ రిఫరెన్స్ రెసిస్టర్‌లో ఏడో వంతు, అంటే 34.3. 1.5 వోల్టుల సప్లైకి పుల్‌డౌన్ పట్టికలో (పిన్‌ని గ్రౌండ్ వైపు లాగేటప్పటి వోల్టేజీ-కరెంట్ పట్టిక) 0.75 వోల్టుల దగ్గర దాదాపు 21.9 మిల్లీయాంపులు కనిపించాలి. 40 ఓమ్స్ మోడల్‌లో 18.75. పిన్‌ని సప్లై వైపు లాగే పుల్‌అప్ పట్టికలో వోల్టేజీని సప్లై నుంచి కిందికి కొలుస్తారు, కరెంట్ గుర్తు మైనస్. ఇది మరిచి గ్రాఫ్ చూస్తే తలకిందులుగా ఉందనిపిస్తుంది. కాలంతో వోల్టేజీ ఎలా మారుతుందో చెప్పే వేవ్‌ఫామ్ పట్టికలనూ ఇలాగే చూడాలి: 34 ఓమ్స్ మోడల్ గ్రౌండ్‌కి 50 ఓమ్స్ లోడ్ మీద 0.89 వోల్టుల దగ్గర నిలబడాలి. ఈ రెండు రకాల పట్టికల పొంతనను, ఐబిస్ ఫైళ్లలో తప్పులు వెతికే ఐబిస్‌చెక్ ప్రోగ్రామ్ కూడా చూస్తుంది. దాని వార్నింగులను కొట్టిపారేయకండి.

ఓడీటీ (చిప్ లోపలే ఉండే టెర్మినేషన్ రెసిస్టర్లు) ఉన్న మోడల్స్‌లో పొరపాట్లు ఇంకా ఎక్కువ. 60 ఓమ్స్ అంటే సప్లైకి 120, గ్రౌండ్‌కి 120. పిన్‌ని 0 వోల్టుల దగ్గర పెడితే 12.5 మిల్లీయాంపులు బయటికి రావాలి. 25 వస్తే, అదే టెర్మినేషన్‌ని గ్రౌండ్ క్లాంప్‌, పవర్ క్లాంప్‌ అనే రెండు పట్టికల్లోనూ రెండుసార్లు లెక్కేశారన్నమాట. పైగా సెలెక్టర్ సిమ్యులేషన్ మధ్యలో మారదు. డ్రైవ్ చేస్తున్నప్పుడు ఓడీటీ ఆఫ్ కావాలంటే దాన్ని సబ్‌మోడల్‌గా (అసలు మోడల్‌కి తగిలించే చిన్న మోడల్) పెట్టి, పిన్ డ్రైవ్ చేయనప్పుడే పనిచేసే నాన్-డ్రైవింగ్ మోడ్ ఇచ్చి ఉండాలి. అలా రాసిన ఫైల్ దొరికితే అదృష్టమే.

బలహీనమైన డ్రైవ్, స్లో స్లూ మోడల్స్‌లో వేవ్‌ఫామ్ పట్టిక పొడవు ఎంతో చూడండి. పట్టిక 5 నానోసెకన్లు, బిట్ 2 నానోసెకన్లు అయితే ఒక ఎడ్జ్ పూర్తికాకముందే రెండోది మొదలవుతుంది. అప్పుడు ఒక్కో టూల్ ఒక్కో సమాధానం ఇస్తుంది. మొదట్లో కదలిక లేని భాగాన్ని రైజింగ్, ఫాలింగ్ పట్టికలన్నిటిలో సమానంగా కత్తిరిస్తే కొంత నయం. ఒక్కదాన్నే కత్తిరిస్తే డ్యూటీ సైకిల్ పాడవుతుంది.

డీ-ఎంఫసిస్‌కి (ఒకే విలువ కొనసాగే బిట్లలో సిగ్నల్ బలం తగ్గించడం) ఐబిస్‌లో డ్రైవర్ షెడ్యూల్ అనే ఏర్పాటు ఉంది గానీ, అందులో ఆలస్యాలు స్థిరం. బిట్ రేటు మారిందంటే కొత్త మోడల్ రాయాలి. వేగవంతమైన సీరియల్ లింకులైన సెర్‌డెస్‌లో సిగ్నల్‌ని సరిదిద్దే ట్యాప్‌లను మార్చుతూ చూడాలంటే 2008లో ఐబిస్ 5.0తో వచ్చిన ఏఎంఐ (అల్గారిథమ్‌తో మోడల్ రాసే పద్ధతి) దారే పట్టాలి. జీపీఐఓ (సాధారణ ఇన్‌పుట్-ఔట్‌పుట్ పిన్‌లు), మెమరీ బస్సుల వరకు మాత్రం సెలెక్టర్ సరిపోతుంది.