మొటిమలకు ఏ జెల్: అడాపలీనా, బెంజాయిల్ పెరాక్సైడా?

నల్లగొండ ఎండల్లో ముఖమంతా జిడ్డు, చెమట, దానికి తోడు మొటిమలు. డాక్టర్లు తరచుగా రాసే జెల్స్‌లో ఈ రెండూ ఉంటాయి.

బెంజాయిల్ పెరాక్సైడ్ మొటిమల్లోని బ్యాక్టీరియాను చంపుతుంది. ఎర్రగా, చీముతో ఉన్నవాటికి మంచిది. 2.5 శాతంతో మొదలుపెడితే మంట తక్కువ. కానీ బట్టల రంగు పోగొడుతుంది. మా చెల్లి నీలం టవల్ మీద తెల్లటి మరకలు పడ్డాయి, ఇప్పుడు తెల్ల టవల్, తెల్ల దిండు గలీబే వాడుతోంది.

అడాపలీన్ చర్మరంధ్రాలు మూసుకుపోకుండా చూస్తుంది. నల్లటి, తెల్లటి చిన్న పొక్కులు ఎక్కువగా ఉంటే నేనైతే డాక్టర్‌ని దీని గురించే అడగమంటాను. రాత్రి ముఖం కడిగి, బాగా ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పలచగా రాయాలి, మొటిమ మీద చుక్క పెట్టడం కాదు. కళ్లు, పెదాలు, ముక్కు మూలలు వదిలేయాలి. మొదట్లో రోజు విడిచి రోజు చాలు. తొలి వారాల్లో పొట్టు లేస్తుంది, మొటిమలు పెరిగినట్టు కూడా కనిపిస్తాయి. టెన్షన్ పడి ఆపేయకండి, ఫలితానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు దీన్ని వాడొద్దు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీముల జోలికి మాత్రం అసలు పోకండి. నాలుగు రోజులు ముఖం తేటగా కనిపిస్తుంది, ఆ తర్వాత మొటిమలు ఇంకా ఎక్కువవుతాయి.