విజయనగరంలో వియత్నాం కాఫీ: తాగండి, బిల్లు మాత్రం చదవండి

మొదటే చెప్పేస్తాను, కాఫీ అద్భుతం. శాండ్‌విచ్‌లు రెండింట్లో ఒకటి బాగుంది. బిల్లు దగ్గర మాత్రం ఒళ్లు మండింది.

శ్రీకాకుళం నుంచి కారులో బయల్దేరి, చుట్టాల పెళ్లి కోసం విజయనగరం వెళ్లాం. ఏసీ గదికి 1,800 తీసుకున్న లాడ్జి శుభ్రంగానే ఉంది, అంతకంటే చెప్పడానికేమీ లేదు. శనివారం పొద్దున్న రామతీర్థం దర్శనం, ఆ తర్వాత కోట, గంటస్తంభం దగ్గర ఆడవాళ్ల షాపింగ్. మా అమ్మాయి మాత్రం పొద్దుట్నుంచీ మూతి ముడుచుకునే ఉంది. కొత్తగా తెరిచిన వియత్నాం కాఫీ షాపు ఫోటోలు ఫోన్లో చూసిందట, అక్కడికి తీసుకెళ్తేగానీ మాట్లాడేలా లేదు. సాయంత్రం నాలుగింటికి నలుగురం వెళ్లాం: నేను, మా ఆవిడ, అమ్మాయి, మా మామయ్యగారు.

మామయ్యగారు శనివారం నీసు ముట్టరు. వియత్నాం వంటల్లో చేపల సాస్ వాడకం ఎక్కువ. చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే రసం అది, కూరగాయల వంటకాల్లో కూడా వేస్తుంటారు. అందుకే పనీర్ శాండ్‌విచ్‌లో అది పడుతుందా అని ఆర్డర్ తీసుకునే కుర్రాణ్ణి అడిగాను. 'లేద్సార్' అని అక్కడికక్కడే అనేసి ఊరుకోలేదు. లోపలికెళ్లి కనుక్కొచ్చి, 'పనీర్‌లో సోయా సాసేనండి, చికెన్‌లో మాత్రం ఫిష్ సాస్ వేస్తారు' అన్నాడు. ఈమధ్య ఇంత ఓపిగ్గా సమాధానం చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. శాకాహారులు మొహమాటపడకుండా ఈ ప్రశ్న అడగండి.

బాన్ మీ అనే ఈ శాండ్‌విచ్‌కి ప్రాణం రొట్టె. ఫ్రెంచివాళ్లు వియత్నాంని ఏలినప్పుడు తెచ్చిన పొడుగు రొట్టెని అక్కడివాళ్లు తమకు నచ్చినట్టు తేలిక చేసుకున్నారు. పైన పల్చగా కరకరలాడాలి, లోపల గుల్లగా ఉండాలి. మన బేకరీ బన్నులా తియ్యగా, మెత్తగా ఉందంటే ఆ డబ్బులు దండగ. ఇక్కడ రొట్టె వాళ్లే కాలుస్తున్నారు. కొరికితే పొట్టు పొట్టుగా రాలి చొక్కా నిండా పడింది, అలాగే పడాలి కూడా. 190 రూపాయల పనీర్ శాండ్‌విచ్‌లో వెనిగర్, పంచదారలో ఊరిన క్యారెట్, ముల్లంగి తురుము, కీరా, కొత్తిమీర, పచ్చిమిర్చి అన్నీ సమంగా కుదిరాయి. మామయ్యగారు ముల్లంగిని అనుమానంగా వాసన చూసి, పక్కకి తీసేస్తారేమో అనుకుంటే, మొత్తం తినేశారు. 220 పెట్టిన చికెన్‌ది మాత్రం మయొనైజ్‌లో మునిగిపోయింది. ఊరిన ముక్కల పులుపు ఎక్కడా తెలియలేదు. అది వద్దు.

ఇక కాఫీ. ఫిన్ అనే చిన్న స్టీలు ఫిల్టర్ని గ్లాసు మీద పెట్టి తెచ్చి ఇచ్చారు. అడుగున కండెన్స్‌డ్ మిల్క్, పైనుంచి చుక్కా చుక్కా డికాషన్. నాలుగైదు నిమిషాలు పడుతుంది. 'ఏటి బాబూ, చిల్లులు మూసుకుపోయాయా?' అని మామయ్యగారు రెండుసార్లు మూత ఎత్తి చూశారు. ఇంట్లో పొద్దున్నే స్వయంగా ఫిల్టర్ వేసుకునే మనిషి, ఊరుకోలేరు. దిగాక కలుపుకుని ఒక గుక్క తాగి, 'దీన్లో చికోరీ లేదు, అయినా ఇంత చిక్కగా ఎలా వచ్చింది?' అని కుర్రాణ్ణి పిలిచారు. రోబస్టా గింజ అని చెప్పాడు. వియత్నాంలో పండేది చాలావరకు అదే. రోబస్టాలో ప్రపంచంలో మొదటి స్థానం వాళ్లదే. మన అరకులో పండే అరబికాది సున్నితమైన రుచి, రోబస్టాది చేదు, మోటుదనం. కెఫీన్ కూడా దాదాపు రెట్టింపు. అంత చేదు ఉండబట్టే అంత తియ్యటి పాలు తట్టుకుంటుంది. గింజలు వియత్నాం నుంచి రావట, కొడగు నుంచి తెప్పిస్తున్నారట. బోర్డు మీద ఏముందన్నది నాకనవసరం, అడిగితే నిజం చెప్పారు, రుచి ఉంది. వేడిది 140, ఐస్ వేసినది 160. ఐస్‌దే తీసుకోండి.

మా ఆవిడ గుడ్డు కాఫీ చెప్పింది, 180. పచ్చసొనని కండెన్స్‌డ్ మిల్క్‌తో నురగ వచ్చేదాకా గిలక్కొట్టి వేడి కాఫీ మీద పోస్తారు. 1946లో పాలు దొరకని రోజుల్లో హనోయిలో న్గుయెన్ వాన్ జాంగ్ అనే హోటల్ ఉద్యోగి కనిపెట్టిన ఉపాయం ఇది. 'కాఫీలో గుడ్డేటి! అందులోనూ శనివారం పూట!' అంటూ మామయ్యగారు కుర్చీ కాస్త దూరం జరుపుకున్నారు. మా ఆవిడ పట్టించుకోలేదు, అడుగంటా తాగింది. నేనొక చెంచా రుచి చూశాను. నీచు వాసన అస్సలు లేదు.

అంతా కలిపి 1,050 అవ్వాలి. బిల్లు 1,213 వచ్చింది. పది శాతం సర్వీస్ చార్జి 105, దాని మీద కూడా కలిపి జీఎస్టీ! జీఎస్టీ అయిదు శాతం కట్టాల్సిందే, అందులో గొడవ లేదు. సర్వీస్ చార్జిని అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది. ఆ ఆదేశం చెల్లుతుందని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా తీర్పిచ్చింది. కౌంటర్లో మేనేజర్‌కి ఇదే చెబితే, 'మా పాలసీ అండి, వైజాగ్‌లో అందరూ వేస్తున్నారు' అన్నాడు, మొహం కూడా ఎత్తకుండా. వెనక నుంచి మా ఆవిడ, 'వంద రూపాయలకి పరువు తీస్తున్నారు, ఇచ్చేయండి' అని గొణుగుడు. అమ్మాయి ఈ మనుషులెవరో నాకు తెలియదన్నట్టు బయటికెళ్లి నిలబడింది. మామయ్యగారొక్కరే నా పక్కన నిలబడ్డారు. 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తానని మొబైల్ తీశాక, మాట్లాడకుండా 1,102 రూపాయల 50 పైసలకి కొత్త బిల్లు ఇచ్చాడు. కుర్రాడి చేతిలో యాభై పెట్టాను. ఆ సర్వీస్ చార్జిలో వాడికెంత ముడుతుందని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

కౌంటర్లో ఫిన్ ఫిల్టర్ 350కి అమ్ముతున్నారు. మామయ్యగారు తన డబ్బుతోనే ఒకటి కొన్నారు. కొనేవాళ్లకు ఒక మాట: ఇంట్లో వాడే మెత్తటి ఫిల్టర్ కాఫీ పొడి దీనికి పనికిరాదు, చిల్లుల్లోంచి మడ్డి గ్లాసులోకి దిగిపోతుంది. పొడి కొట్టించేటప్పుడే కాస్త బరకగా ఆడమనండి.