‘బిగినర్స్ లాగర్ కిట్’ కొనబోతున్నారా? డబ్బులు కట్టేముందు ఇది చదవండి

హనుమకొండ నుంచి రాస్తున్నాను. ఇంట్లోనే బీరు చేసుకునే కిట్ అంటూ ఆన్‌లైన్‌లో కనిపించేవాటిలో ఒకటి కొని ₹8,400 పోగొట్టుకున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు పెట్టడం లేదు. వాళ్లు వాడే మాటలు మాత్రం చెబుతాను, వాటిని బట్టి మీరే పోల్చుకోవచ్చు.

మా అక్క కొడుకు డాలస్ దగ్గర ఉంటాడు. రెండేళ్లుగా ఇంట్లో బీరు పులియబెడుతున్నాడు. అమెరికాలో అది తప్పు కాదు. 1978లో తెచ్చిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే దాదాపు 757 లీటర్లు, సొంతానికి చేసుకోవచ్చు. మొన్న సంక్రాంతికి వచ్చి వాడు చెప్పిన కబుర్లు విన్నాక నాకూ పురుగు తొలిచింది. ఏప్రిల్‌లో ఓ రీల్ కంటబడింది: ‘మీ మొదటి లాగర్, 20 లీటర్లు, 3 వారాల్లో రెడీ’.

లాగర్ అన్న మాట చూసి ఇంకేమీ ఆలోచించలేదు. మనకు బీరంటే తెలిసింది అదే కదా. వైన్స్‌లో లైట్ అడిగినా, స్ట్రాంగ్ అడిగినా చేతికొచ్చేది దాదాపు ఎప్పుడూ లాగరే. తెలిసిన రుచి కాబట్టి చేయడమూ అదే సులువనుకున్నాను. ఆర్డర్ పెట్టేముందు చాట్‌లో రెండు ప్రశ్నలు మాత్రం అడిగాను. లైసెన్స్ కావాలా అంటే ‘సొంతానికైతే అవసరం లేదు సర్’ అన్నారు. వేడికి ఇబ్బంది ఉండదా అంటే ‘రూమ్ టెంపరేచర్ చాలు’ అన్నారు. మా రూమ్ టెంపరేచర్ 36 అండీ అని రాస్తే బొటనవేలు బొమ్మ పంపారు.

మే రెండో వారంలో డబ్బా వచ్చింది. అంతకుముందు ఆరు రోజులు కాజీపేటలో కొరియర్ వాళ్ల రేకుల షెడ్డులో పడి ఉంది. ఆ వారం బయటే 43 డిగ్రీలు.

విప్పి చూస్తే మాల్ట్ పాకం (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన చిక్కటి పాకం) టిన్ను మూత పైకి ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే టక్కున లోపలికి పోయి మళ్లీ పైకొచ్చింది. హాప్స్ అంటే బీరుకు చేదూ వాసనా ఇచ్చే ఎండు పువ్వులు. మంచివి ఆకుపచ్చగా ఉంటాయి, గాలి తీసేసిన ప్యాకెట్లో చల్లగా దాచాలి. నాకు వచ్చినవి మామూలు జిప్ కవర్లో, నలిగిన బీడాకు రంగులో ఉన్నాయి. కవర్ తెరవగానే పాత చీజ్ కంపు, మా ఆవిడ భాషలో చెమట పట్టిన సాక్సుల కంపు. హాప్స్ పాడైతే వచ్చే వాసన అదేనట. ఇక ఈస్ట్, అంటే పాకాన్ని పులియబెట్టి బీరుగా మార్చే సూక్ష్మజీవి. ఆ పొట్లం మీద ఒకే ఒక్క మాట: ఈస్ట్. ఏ రకమో లేదు, తయారైన తేదీ లేదు, ఎప్పటిలోగా వాడాలో లేదు. తినే సరుకు ప్యాకెట్ మీద తేదీలు ఉండి తీరాలన్నది మన దగ్గర రూల్. చిప్స్ ప్యాకెట్ మీద కూడా ఉంటాయి.

ఆ రాత్రే మేనల్లుడికి వీడియో కాల్ చేశాను. డబ్బా మీద లాగర్ అన్న మాట చూపించగానే వాడు పడీ పడీ నవ్వాడు. “మామా, మే నెలల, మన దగ్గర, లాగరా? ఫ్రిజ్ల మంచం ఏస్కుంటవా?”

వాడు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. బీరు ఏ రకమన్నది చాలావరకు ఈస్టే తేలుస్తుంది. లాగర్ ఈస్ట్ 8 నుంచి 13 డిగ్రీల చలిలో మెల్లగా పని చేస్తుంది. ఆ తర్వాత ఇంకా కొన్ని వారాలు దాదాపు గడ్డకట్టే చలిలో ఉంచాలి. దానికోసం విడిగా ఓ ఫ్రిజ్, చలిని ఒకే డిగ్రీ దగ్గర నిలబెట్టడానికి దానికో థర్మోస్టాట్ కావాలి. చలికి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ఈస్ట్ కూడా రెండింతలు వేయాలి. వేడిలో పులిస్తే లాగర్‌లో ఉండకూడని పండ్ల వాసన, స్పిరిట్ లాంటి ఘాటు వస్తాయి. పైగా పులిసేటప్పుడు అది తనంతట తానే మరో రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది. ఇవన్నీ ఉన్నదాన్ని బిగినర్స్‌కని అమ్ముతున్నారు! ఇంకో సంగతి కూడా చెప్పాడు. లాగర్ అని రాసిన చాలా టిన్నుల్లో మూత కింద పెట్టేది ఏల్ (లాగర్ కాకుండా బీరులో ఉన్న మరో పెద్ద రకం) ఈస్టేనట. అది 18 నుంచి 22 డిగ్రీల్లో పులుస్తుంది. అది మరీ అంత మోసం కాదు, ఈస్ట్ ఏదో పైన రాసినంత కాలం.

“ముందు అది బతికుందో లేదో చూడు మామా” అన్నాడు. రెండు గాజు గ్లాసులు పెట్టాను. రెండింట్లో గోరువెచ్చని నీళ్లు, చెంచా చక్కెర. ఒకదాంట్లో కిట్ ఈస్ట్ చిటికెడు, రెండోదాంట్లో బేకరీ సామాన్ల షాపులో ఇరవై రూపాయలకు తెచ్చిన బ్రెడ్ ఈస్ట్ చిటికెడు. పావుగంటలో రెండో గ్లాసు మీద నురగ వేలెడు మందాన లేచి, కల్లు ముంతలా బుసబుసలాడింది. కిట్ ఈస్ట్ అడుగున బురదలా కూర్చుంది. గంట చూశాను, ఒక్క బుడగ లేదు. ఫోటోలు, వీడియో తీసి పెట్టుకున్నాను.

మా కథ అంతటితో ఆగడం ఒక రకంగా అదృష్టమే. మా బావమరిది హనుమకొండ కోర్టులో ప్రాక్టీసు చేస్తాడు. ఆదివారం ఇంటికొచ్చి హాల్లో ఆ సరంజామా చూసి ముందు తలుపేశాడు. తెలంగాణలో 1968 నాటి ఎక్సైజ్ చట్టమే నడుస్తోంది, లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయడం నేరం, ‘సొంతానికే’ అన్నా బీరుకు మినహాయింపు లేదు అన్నాడు. “బావా, వాళ్లు గుడుంబాకు ప్లాస్టిక్ డ్రమ్ముల బెల్లం నానబెడ్తరు, నువ్వు స్టైల్‌గ ఎయిర్‌లాక్ పెట్టి నానబెడ్తవు. కేసు రాసేటోడికి రెండూ ఒకటే.” బెల్లం ఊట పారబోసే ఫోటోలు పేపర్లో ఎన్నిసార్లు చూశానో! ఆ ఫోటోలో నన్ను నేను ఎప్పుడూ ఊహించుకోలేదు. ‘అవసరం లేదు సర్’ అన్న చాట్ స్క్రీన్‌షాట్ చూపిస్తే, అది అమ్మినవాడిని కాపాడదు, నిన్నూ కాపాడదు అన్నాడు.

అందుకని ఇక్కడ ఉండి కొనేవాళ్లు కిట్ జోలికి పోవద్దు. చేసుకోవడానికి చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉన్న మనవాళ్లు, ముఖ్యంగా టెక్సస్ లాంటి వేడి చోట్ల ఉన్నవాళ్లు, మొదటిసారి ఏ రకం ఎంచుకోవాలా అని చూస్తుంటే మా మేనల్లుడి అనుభవం పనికొస్తుంది. వాడూ మొదట లాగరే చేశాడు, ఆగస్టులో, గ్యారేజీలో. సీసాల్లో పోసేటప్పుడు గ్యాస్ పుట్టడానికి చక్కెర లీటరుకు ఆరేడు గ్రాములు వేయాల్సింది కంటి అంచనాతో వేశాడు. అర్ధరాత్రి రెండు సీసాలు పేలి గాజు పెంకులు కారు కిందిదాకా పోయాయి. ఇప్పుడు వాడు ముందు ఇంట్లో థర్మామీటర్ చూస్తాడు, తర్వాతే రకం. ఏసీ 20 దగ్గర నిలబెట్టగలిగితే ఏల్ రకాల్లో లేత రంగు పేల్ ఏల్ లేదా నల్లటి స్టౌట్. మాడ్చిన గింజల రుచి చిన్న చిన్న తప్పుల్ని కప్పేస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు స్టౌటే మేలంటాడు. ఇల్లు 28, 30 దగ్గర ఉంటే బెల్జియం పల్లెల్లో పుట్టిన సేజోన్ అనే ఏల్. ఇంకా వేడైతే నార్వే రైతుల ఇళ్లలో తరాలుగా దాచుకున్న క్వైక్ అనే ఈస్ట్ ఉంది. 30 నుంచి 40 డిగ్రీల మధ్య కూడా చెడు వాసనల్లేకుండా నాలుగైదు రోజుల్లో పని ముగిస్తుందట. అది వినగానే నాకు మన తాటిచెట్లే గుర్తొచ్చాయి. ఎండాకాలంలో చెట్టు మీది లొట్టిలోనే కల్లు పులుస్తుంది, దానికి ఫ్రిజ్ ఎవరు పెట్టారు? వేడి చోట వేడికి అలవాటైన ఈస్టే ఎంచుకోవాలి. పొట్లం మీద డిగ్రీలు, తేదీ లేకపోతే ఏ దేశంలోనూ కొనకండి.

డబ్బుల సంగతికొస్తే, ‘ఈస్ట్ సెన్సిటివ్ ఐటమ్, రిటర్న్ లేదు’ అన్నారు. ఉబ్బిన టిన్ను ఫోటో పంపితే ₹1,500 కూపన్ ఇస్తామన్నారు, అదీ వాళ్ల దగ్గరే మరో కిట్ కొంటే. వద్దని 1915కు ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. బిల్లు, చాట్ స్క్రీన్‌షాట్లు, గ్లాసుల వీడియో అన్నీ ఇచ్చాను. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ₹5 లక్షల లోపు సరుకుకు అక్కడ ఫీజు కూడా లేదు.

నిన్న చూస్తే పాత పేజీ తీసేశారు. అదే కిట్ ‘సమ్మర్ స్పెషల్ లాగర్’ అని కొత్త పేరుతో ₹7,900కు పెట్టారు. ఫోటో పెద్దది చేసి చూడండి, అందులో టిన్ను మూత కూడా ఉబ్బే ఉంది.