నిరూపణలకు రెండు గళ్ల పేజీ: రెండేళ్ల వాడకం తర్వాత

గణిత నిరూపణ చదివితే అర్థమవుతుంది, రాయబోతే చెయ్యి ఆగిపోతుంది. ఈ బాధ ఉన్నవాళ్లు పేజీ మధ్య గీత గీసి ఎడమవైపు వాక్యం, కుడివైపు దానికి కారణం రాసి చూడండి. నేను రెండేళ్లుగా వాడుతున్నాను, లోపాలున్నా వదల్లేదు.

కుడి గడిలో రాయదగ్గవి కొన్నే: దత్తాంశం (లెక్కలో ఇచ్చినది), ఊహ, నిర్వచనం, ముందే నిరూపించిన సిద్ధాంతం, లేదా 'ఫలానా వరుస నుంచి'. 'స్పష్టమే' అన్న మాటకు అక్కడ చోటు లేదు.

'రెండు బేసి సంఖ్యల మొత్తం సరి సంఖ్య' తీసుకోండి. మ = 2క + 1, న = 2క + 1 అని రాసి, మొత్తం 4క + 2 = 2(2క + 1), కాబట్టి సరి అని ముగించడం మామూలు. ముగింపు నిజమే, నిరూపణే తప్పు. రెండింటికీ ఒకే క వాడేసరికి మ, న సమానమైపోయాయి. 3 + 5 = 8 ని 4క + 2 రూపంలో రాయండి చూద్దాం! కుడి గడిలో ఒట్టి 'నిర్వచనం' అని రాస్తే ఈ తప్పు దొరకదు. 'న = 2ట + 1 అయ్యేలా ఏదో ఒక పూర్ణాంకం ట ఉంది' అని పూర్తిగా రాస్తేనే దొరుకుతుంది. అందుకే ఆ గడికి సగం పేజీ ఇవ్వాలి.

మ² + న² ≥ 2మన నిరూపించమంటే చాలామంది దాన్నే మొదటి వరుసలో పెట్టి (మ − న)² ≥ 0 దాకా దిగి 'నిజం' అనేస్తారు. గడి ఇక్కడ వెంటనే పట్టేస్తుంది, మొదటి వరుస పక్కన రాయడానికి కారణమే ఉండదు. రఫ్‌లో అలా వెనక్కి నడవొచ్చు, దారి దొరికేది అలాగే. ఫెయిర్ చేసేటప్పుడు మాత్రం చివరి వరుసతో మొదలుపెట్టి పైకి రావాలి.

విరోధాభాస పద్ధతి (నిరూపించాల్సినదానికి వ్యతిరేకం అనుకుని, అది పొసగదని చూపడం) దగ్గర పేజీ తేలిపోతుంది. '√2 అకరణీయం (అంటే భిన్నంగా రాయగలిగేది) అనుకుందాం' అన్నది ఎక్కడిదాకా చెల్లుతుందో గళ్లలో కనబడదు. ఊహ కింది వరుసలన్నీ రెండు వేళ్లు లోపలికి జరిపి రాస్తే కొంత నయం. గణితానుగమనానికి (మొదటి సంఖ్యకు చూపి, ఒక్కో సంఖ్య నుంచి తర్వాతిదానికి సాగే పద్ధతికి) పెద్ద ఇబ్బంది లేదు.

అసలు ఫిర్యాదు వేరే. గళ్లలో ఉన్నదాన్ని పేరాగా మార్చడం ఇది నేర్పదు. కారణాలన్నీ దించితే చదివేవాళ్లకు విసుగు. వాళ్లు ఆగి 'ఎందుకు?' అనే చోటే ఉంచాలి. ఆ చోటు తెలియాలంటే వారం తర్వాత ఎడమ గడి మూసి, కారణాలు మాత్రమే చూస్తూ నిరూపణ మళ్లీ రాయండి. చెయ్యి ఆగిన వరుస దగ్గర కారణం ఉండాల్సిందే.