పది బ్యాండ్ల రేడియో: పదిహేనేళ్లు వాడాక

2009లో శ్రీకాకుళంలో కొన్న సెట్టు ఇది. ఒక మీడియం వేవ్, ఒక ఎఫ్ఎం, మిగతా ఎనిమిదీ దూరదేశాల స్టేషన్లు అందే షార్ట్‌వేవ్. ముల్లు జరిగే పాత రకం డయలు, మూడు పెద్ద సెల్స్. కవిటి దగ్గర మా ఇంట్లో ఇప్పటికీ పలుకుతోంది.

అట్టపెట్టె మీద 'పది' అని ఎంత పెద్దగా వేసినా లోపల పది రేడియోలేమీ ఉండవు. షార్ట్‌వేవ్‌ని ముక్కలు కోసి, ఒక్కో ముక్కని డయలు పొడవునా పరిచారు, అంతే. 31 మీటర్ల ముక్క అంటే సుమారు 9,400 నుంచి 9,900 కిలోహెర్ట్జ్. మా నాన్న పాత సెట్టులో షార్ట్‌వేవ్ అంతా ఒకటే గీత. వేలు కాస్త వణికితే నాలుగు స్టేషన్లు దాటిపోయేవి. ఇందులో ఆ తిప్పలు లేవు, డబ్బులకి న్యాయం జరిగింది.

దీనికున్న పుట్టులోపం దొంగ స్టేషన్లు. 49 మీటర్ల ముక్క కుడి అంచున 6,340 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక స్టేషను గట్టిగా పలికేది. చాలాకాలం అది అక్కడిదే అనుకున్నాను. నిజానికి దాని చోటు 7,250. లోపల జరిగేది ఇదీ: ముల్లు 6,340 మీద పెడితే సెట్టు తనే 455 ఎక్కువ, అంటే 6,795 తరంగం ఒకటి పుట్టించుకుంటుంది. వచ్చినదాన్నీ దీన్నీ కలిపితే తేడా 455 మిగులుతుంది. వడపోత కాయిళ్లన్నీ ఆ ఒక్క 455కే బిగించి ఉంటాయి. ఏ ఊరి జీడిగింజ వచ్చినా పలాసలో ఒకే జల్లెడలో పోసినట్టు. కానీ 7,250కీ 6,795కీ తేడా కూడా 455యే కదా, అదీ జల్లెడలోంచి దర్జాగా దిగిపోతుంది. ఖరీదైన సెట్లలో దీన్ని ముందే ఆపేస్తారు. నా సెట్టులో ఆ గుమ్మం దగ్గర కాపలా బలహీనం. కొబ్బరిచెట్టుకి రాగితీగ కట్టి ఏరియల్‌కి తగిలిస్తే బలహీనమైన స్టేషన్లతో పాటు దొంగలూ రెట్టింపవుతారు.

రిపేరుకి వెళ్లింది రెండుసార్లే. ఒకసారి డయలు తాడు జారింది. ఇంకోసారి బ్యాండ్ స్విచ్చికి మురికి పట్టి, కదిపితే చాలు బరబరమనేది. ఇక్కడి ఉప్పుగాలి మహిమ. సెల్స్ వాడనప్పుడు తీసేయండి. నేనొక వానాకాలం మరిచిపోతే కారి స్ప్రింగులు పచ్చగా అయిపోయాయి.

మీడియం వేవ్ మాత్రం నిజంగా బాగుంటుంది. పగలు విశాఖ 927 సన్నగా అందుతుంది. మీడియం వేవ్‌ని పట్టే లోపలి ఫెర్రైట్ కడ్డీకి దిక్కు పట్టింపు ఉంది కాబట్టి సెట్టునే పీట మీద అటూ ఇటూ తిప్పి చూడాలి. పగలు ఎండకి ఆకాశంలో అరవై, తొంభై కిలోమీటర్ల మధ్య ఏర్పడే పొర మీడియం వేవ్‌ని మింగేస్తుంది. పొద్దుగూకితే ఆ పొర చెదిరి, తరంగాలు ఇంకా పైనున్న పొర నుంచి వంగి దిగుతాయి. అప్పుడు 738లో హైదరాబాదు పలికేది, 972లో కటక్ ఒడియా అయితే పక్కింట్లో మాట్లాడినట్టే.

షార్ట్‌వేవ్‌లో వినడానికి మిగిలింది తక్కువ. బీబీసీ హిందీ 2020 జనవరి 31తో ఆగిపోయింది. కొత్తగా కొనాలనుకునేవాళ్లు అది తెలిసే కొనండి. ఉన్న కాసిన్ని స్టేషన్లని కూడా ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు గుయ్యిమని ముంచేస్తాయి. సెట్టు పాడైందనుకుని తిట్టుకున్న రోజులున్నాయి.

తప్పు సెట్టుది కాదని తెలిసింది తిత్లీ తుఫానుకి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి తీగ కట్టిన కొబ్బరిచెట్టు సహా తోటంతా నేలకూలింది. స్తంభాలు పడిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. అమ్మ గంటగంటకీ అడిగేది: "ఏటిరా, మన ఊసు ఏటైనా సెప్తన్నాడా?" వార్తల కోసం రాత్రి సెట్టు పెట్టాను. గుయ్యిమనే చప్పుడు లేదు. అసలు లేదు. స్టేషన్లు లేనిచోట వర్షం వెలిసిన చూరులా సన్నటి చిటచిట, అంతే. పడిపోయిన చెట్టు మీదున్న తీగనే తగిలిస్తే, 31 మీటర్లలో పదేళ్లలో ఎన్నడూ వినని స్టేషన్లు ఒకదాని పక్కన ఒకటి. ఏ భాషలో తెలియదు, ఏ దేశమో తెలియదు. చుట్టూ ఊళ్లన్నిటా ఒక్క బల్బు వెలగడం లేదు మరి. ఆ సంతోషం ఎవరికి చెప్పుకోగలను, తోటలు పోయి అందరూ ఏడుస్తుంటే?

కరెంటు వారం దాటాక వచ్చింది, రాత్రి ఎనిమిది గంటల వేళ. ఫ్యాను తిరిగింది, అమ్మ "అమ్మయ్య" అంది. చేతిలో రేడియో గుయ్యిమంది. కట్టేశాను.