మెలమైన్ స్పాంజి: గీతలు పోతాయి, జిడ్డు పోదు

మంచినీళ్లతో తడిపి రుద్దితే చాలు, ఎంతటి మరకైనా పోతుందని చెప్పి అమ్ముతున్న తెల్లని స్పాంజి దిమ్మెలను కొంతకాలంగా ఇంట్లో రకరకాల చోట్ల వాడి చూస్తున్నాను. చేతిలో బరువే తెలియని ఈ దిమ్మె మెలమైన్ రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన నురుగు. గదుల్లో శబ్దాన్ని, గొట్టాల దగ్గర వేడిని అడ్డుకోవడానికి వాడే పదార్థమూ ఇదే. ప్యాకెట్ మీద "రసాయనాలు లేవు" అని రాయడం మాత్రం విడ్డూరంగా ఉంది. మెలమైన్, ఫార్మాల్డిహైడ్ కలిసి ఏర్పడిన రెజిన్ రసాయనం కాకపోతే మరేమిటి?

విడిగా సబ్బు ఏదీ కలపని ఈ స్పాంజి మరకను కరిగించదు, గీరి తీస్తుంది. పట్టుకుంటే మెత్తగానే ఉన్నా, లోపల వలలా అల్లుకున్న సన్నని పోగులు చాలా గట్టివి కనుక దీన్ని మిక్కిలి నునుపైన ఉప్పుకాగితంగా భావించి వాడడమే సరైన పద్ధతి.

బూట్ల అడుగులు రాసుకుని తలుపుల కింది భాగంలోనూ, నేల టైల్స్ మీదా మిగిలే నల్లని గీతల విషయంలో దీనికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. తడిపి, మెలితిప్పకుండా అరచేతుల మధ్య ఒత్తి నీరు పిండి, బలం పెట్టకుండా రుద్దితే గీత చెరిగిపోతుంది. బూట్ల తెల్లని రబ్బరు అంచులు కూడా బాగా తేరుకున్నాయి. స్విచ్ బోర్డుల ప్లాస్టిక్‌లోని సన్నని గరుకులో ఇరుక్కుని గుడ్డకు అందని చేతి మురికిని సైతం ఇది లాగేసింది. అయితే అక్కడ వాడే ముందు మెయిన్ ఆపడం, స్పాంజిలో నీరు దాదాపు లేకుండా పిండడం తప్పనిసరి.

పొయ్యి వెనుక గోడకు పట్టిన నూనె జిడ్డు దగ్గర ఫలితం నిరాశపరిచింది. జిడ్డు పోకపోగా నలువైపులా పులుముకుంది, స్పాంజి పాడైంది. ముందు గిన్నెలు తోమే సబ్బు నీటితో జిడ్డు వదిలించి, మిగిలిన మచ్చకు మాత్రమే దీన్ని వాడితే ప్రయోజనం ఉంటుంది. కుళాయిల చుట్టూ గట్టిపడిన ఉప్పునీటి తెల్లమరకలకు వెనిగరే మేలు.

అసలు జాగ్రత్త అవసరమైనది నిగనిగలాడే ఉపరితలాల దగ్గర. ఎనామిల్ పెయింటు వేసిన అలమర తలుపు లోపలి మూలలో పరీక్షించి చూస్తే, ఎదురుగా ఏమీ తెలియకపోయినా, పక్కనుంచి వెలుగు పడినప్పుడు రుద్దినంత మేర మెరుపు తగ్గినట్టు స్పష్టమైంది. పోయిన ఆ మెరుపు మళ్లీ పాలిష్ చేస్తే గానీ, రంగు వేస్తే గానీ తిరిగి రాదు. నాన్‌స్టిక్ పెనాలు, కారు రంగు, పాలిష్ చేసిన పాలరాయి, టీవీ తెరలు, కళ్లద్దాలు దీని జోలికి రాకూడనివే. పిల్లల చేతుల మీది స్కెచ్ పెన్ను గీతలను దీనితో తుడిస్తే చర్మం ఒరుసుకుపోతుంది.

దిమ్మె త్వరగా అరిగిపోతుంది కనుక చిన్న ముక్కలుగా కోసి వాడుకోవడం లాభం. రాలిన పొడి ప్లాస్టిక్కే కాబట్టి, నీళ్లు పోసి కాలువలోకి కడిగేయకుండా తడి గుడ్డతో ఎత్తి చెత్తబుట్టలో వేయాలి.