కారణం అడగని బ్యాడ్జి

లండన్ నగర రవాణా సంస్థ 2017 నుంచి ఇస్తున్న ‘దయచేసి నాకు సీటు ఇవ్వండి’ అన్న నీలిరంగు బ్యాడ్జి, పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే ఎక్కువసేపు నిలబడలేని ప్రయాణికుల కోసం ఉద్దేశించినది. గర్భిణులకు ‘బేబీ ఆన్ బోర్డ్’ బ్యాడ్జి 2005 నుంచే ఉంది. ఈ కొత్త బ్యాడ్జి ఉచితంగానే లభిస్తుంది. దానికి డాక్టరు సర్టిఫికెట్టు అడగరు, జబ్బు పేరు బయటపెట్టనక్కర లేదు. అబద్ధం చెప్పి తెచ్చుకునేవారు ఉండరా అంటే ఉండవచ్చు గానీ, నొప్పికి రుజువు చూపమనడం కంటే అది చిన్న నష్టమేనని నా అభిప్రాయం.

1970లలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త న్యూయార్క్ భూగర్భ రైళ్లలోకి తన విద్యార్థులను పంపి, కారణమేమీ చెప్పకుండా సీటు అడగమన్నప్పుడు, 68 శాతం మంది లేచి గాని, పక్కకు జరిగి గాని చోటిచ్చారు. నిలబడి పుస్తకం చదువుకోలేకపోతున్నానని అల్పమైన కారణం చెప్పినప్పుడు మాత్రం అది సుమారు 42 శాతానికి పడిపోయింది. అంతకంటే ఆసక్తికరమైనది అడిగినవారి అవస్థ: తానే స్వయంగా అడగబోతే మాట గొంతులో ఆగిపోయిందనీ, సీటు దొరికాక ఒంట్లో బాగాలేనట్టు కనిపించాలనిపించిందనీ మిల్‌గ్రామ్ చెప్పుకున్నాడు. కారణం చెప్పకుండా అడిగే ఆ కష్టమైన పనినే ఈ బ్యాడ్జి మన తరఫున చేసిపెడుతుంది.

అయితే ఎదుటివారు తల ఎత్తితేనే అది పనిచేస్తుంది. కూర్చున్నవారి చూపు ఫోనులో ఉంటుంది, నిలబడినవారి ఛాతీ మీది బ్యాడ్జి ఆ చూపుకు చాలా పైన ఉంటుంది. అందుచేత కోటుకు కాక, నడుము దగ్గర వేలాడే సంచి పట్టీకి తగిలించుకోవడం మేలు. లేవక తప్పదన్న నిర్బంధమేదీ ఎవరికీ లేదు కాబట్టి, కనబడటమే దాని బలమంతా.

కనబడిన తరువాత జరిగేవి ఊహకందవు. ఒక యువకుడు నా బ్యాడ్జి చదివి, తన స్టేషన్ వచ్చినట్టుగా సంచీ సర్దుకుని లేచి తలుపు దగ్గరకు వెళ్లాడు. తలుపులు తెరుచుకుని మూసుకున్నా ఆయన దిగలేదు. మరోసారి ఖాళీ అయిన ఒకే సీటు కోసం ‘బేబీ ఆన్ బోర్డ్’ పెట్టుకున్నావిడా, నేనూ మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని అనుకుంటుండగా, మూడో మనిషి తన సీటు కూడా ఖాళీ చేసి మా వాదం తీర్చాడు. ఇంత మర్యాద ప్రతిరోజూ దొరకదు, నిజమే.

అడగడానికి మొహమాటపడేవారు దీన్ని తప్పక తెప్పించుకోవచ్చు. రద్దీ వేళ మాత్రం, బ్యాడ్జి ఉన్నా నోరు తెరిచి అడగవలసే వస్తుంది. అలా అడిగినప్పుడు ‘మీకేమైంది?’ అన్నవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.